బెజవాడ ఎండలో సైకిల్ సాధన: పడిన భారాన్నీ, తేరుకున్న తీరునూ కొలుచుకోవడం

ప్రకాశం బ్యారేజీ దాటి, సీతానగరం, ఉండవల్లి మీదుగా కరకట్ట ఎక్కి, వెంకటపాలెం దాటి రాయపూడి వైపు వెళ్లి తిరిగి వస్తే మా ఇంటి నుంచి ఇంటికి సుమారు 40 కిలోమీటర్లు. సంక్రాంతి రోజుల్లో ఈ దారిని గంటకు 25 కిలోమీటర్ల వేగంతో తొక్కినప్పుడు నా గుండె వేగం సగటున నిమిషానికి 132. అదే సైకిలు, అదే దారి, అదే వేగం; మే నెల మూడో వారంలో ఆ సగటు 149. దూరాన్ని మాత్రమే రాసుకునేవాడి పుస్తకంలో ఈ రెండు రోజులకూ తేడా కనిపించదు. కానీ మొదటి రోజు ఇంటికొచ్చి, టిఫిన్ చేసి మామూలుగా ఆఫీసుకు వెళ్లాను. రెండో రోజు మధ్యాహ్నానికే తల పట్టేసి, సాయంత్రం దాకా ఏ పనీ ముందుకు సాగలేదు.

చేసిన పనిని బయటి భారమనీ, ఆ పని కోసం శరీరం పడిన శ్రమను లోపలి భారమనీ క్రీడాశాస్త్రం విడదీసి చూస్తుంది. కిలోమీటర్లు, నిమిషాలు, వాట్లు బయటి భారానికి కొలతలు. గుండె వేగం, మనకు తోచిన కష్టం లోపలి భారానికి కొలతలు. ఈ రెంటినీ ఒకే అంకెలో కలిపేయకుండా వేర్వేరు గడుల్లో రాసుకుని, వాటి మధ్య ఎడం వారం వారం పెరుగుతోందా, తగ్గుతోందా అని చూడటమే నేను ఇక్కడ వివరించదలచిన పద్ధతి. ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటూ వారానికి 6 నుంచి 10 గంటలు తొక్కే వారిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను.

నోటు పుస్తకంతో మొదలుపెట్టండి

తొక్కే శక్తిని వాట్లలో చూపే పవర్ మీటరు, ఖరీదైన వాచీ లేనివారు నిరుత్సాహపడనక్కర్లేదు. అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతికి గడియారం, కలం చాలు. తొక్కడం ముగిసిన సుమారు అరగంట తరువాత, మొత్తం మీద ఈ రోజు సాధన ఎంత కష్టంగా అనిపించిందో 0 నుంచి 10 వరకు ఒక అంకె వేసుకోవాలి. ఆ అంకెను తొక్కిన నిమిషాలతో గుణిస్తే ఆ రోజు భారం వస్తుంది. గంటసేపు తొక్కి కష్టానికి 5 వేసుకుంటే 300 అన్నమాట. అరగంట ఆగమనడానికి కారణముంది: దిగిన వెంటనే అడిగితే చివరి పది నిమిషాల రొప్పు మీదే మనసు నిలిచి, అంతకు ముందు గడిచిన గంటన్నర లెక్కలోకి రాదు.

అంకె వేయడం మొదట్లో తికమకగా ఉంటుంది కాబట్టి మాటను ఆధారం చేసుకోండి. పక్కవారితో తీరికగా కబుర్లు చెబుతూ తొక్కగలిగితే 2 లేదా 3. వాక్యాలు ముక్కలు ముక్కలుగా వస్తుంటే 5. అవును, కాదు అనడమే గగనమైతే 7 లేదా 8. కష్టాన్ని ఇలా అంకెల్లో చెప్పించే ఆలోచన స్వీడన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్‌ది. ఆయన తొలి కొలబద్ద 6 నుంచి 20 వరకు ఉండేది. ఆ అంకె పక్కన ఒక సున్నా చేరిస్తే ఆరోగ్యంగా ఉన్న యువకుడి గుండె వేగం దాదాపుగా వచ్చేలా దాన్ని అమర్చారు. మనకు 0 నుంచి 10 కొలబద్దే సులువు.

వారం మొత్తాన్ని కూడటంతో పని పూర్తి కాదు. సోమవారం విశ్రాంతి, మంగళవారం 300, బుధవారం 180, గురువారం 350, శుక్రవారం విశ్రాంతి, శనివారం 270, ఆదివారం మూడు గంటల సుదీర్ఘ ప్రయాణంతో 900 అనుకుందాం, మొత్తం 2000. ఇంకొకరు విశ్రాంతే లేకుండా రోజూ వరుసగా 180, 350, 300, 350, 240, 280, 300 చేశారు; ఇదీ 2000 మాత్రమే. ఫోస్టర్ చెప్పినట్టు రోజువారీ సగటును ప్రామాణిక విచలనంతో (రోజుల అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతతో) భాగిస్తే మొదటివారికి 0.94, రెండోవారికి 4.7 వస్తుంది. కంప్యూటర్ స్ప్రెడ్‌షీట్‌లో ఇది రెండు నిమిషాల పని. రోజులన్నీ ఎంత ఒకే మూసలో సాగాయో ఈ అంకె చెబుతుంది. 2 దాటితే జాగ్రత్తపడాలన్నది సాధారణ నియమం. దీన్ని వారపు మొత్తంతో గుణిస్తే శరీరం మీద పడిన ఒత్తిడి వస్తుంది: మొదటివారికి 1880, రెండోవారికి 9400. మన ఊళ్లో ఎక్కువమంది చేసే పొరపాటు సరిగ్గా రెండోవారిదే. తెల్లవారుజామున గుంపుగా బయలుదేరతారు, రోజూ అదే దారి, అదే వేగం, చివర అదే కాఫీ. తేలిక రోజు నిజంగా తేలికగా ఉండదు, కష్టమైన రోజు కావలసినంత కష్టంగానూ ఉండదు. గుంపు స్నేహాన్ని నేను కాదనను. కానీ వారంలో రెండు రోజులైనా ఒంటరిగా, నెమ్మదిగా తొక్కడానికి సిగ్గుపడకూడదు.

గుండె వేగం: నమ్మదగినదే, అయితే ఎండను కూడా లెక్కవేస్తుంది

గరిష్ఠ గుండె వేగం తెలిస్తే దాన్ని ఐదు మండలాలుగా విభజించవచ్చు: 50 నుంచి 60 శాతం మొదటిది, అలా పదేసి శాతం చొప్పున 90 నుంచి 100 శాతం ఐదోది. ఒక్కో మండలంలో గడిపిన నిమిషాలను ఆ మండలపు సంఖ్యతో గుణించి కూడితే లోపలి భారం వస్తుంది. గంటన్నర ప్రయాణంలో 20 నిమిషాలు మొదటి మండలంలో, 50 రెండో దానిలో, 15 మూడో దానిలో, 5 నాలుగో దానిలో గడిచాయనుకుంటే 20, 100, 45, 20 కలిపి 185.

గరిష్ఠం కోసం 220 నుంచి వయసు తీసేసే లెక్కను పక్కన పెట్టండి. అది జనసమూహపు సగటు, ఒక్కొక్కరి విషయంలో పది పన్నెండు అంకెలు అటూ ఇటూ తప్పుతుంది. బాగా కాళ్లు వేడెక్కాక కొండపల్లి కోట దారిలోనో, గుంటూరు వారైతే కొండవీడు ఘాట్ రోడ్డులోనో నాలుగైదు నిమిషాలు ఊపిరి అందనంతగా ఎక్కితే కనిపించే గరిష్ఠ అంకె ఆ లెక్క కంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. నలభై దాటినవారు, బీపీ, షుగర్ ఉన్నవారు, కుటుంబంలో గుండెజబ్బు చరిత్ర ఉన్నవారు డాక్టరును అడగకుండా ఈ పరీక్ష చేయకూడదు. బీపీకి వాడే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. అలాంటివారికి ఈ మండలాల లెక్కే వర్తించదు, పైన చెప్పిన కష్టపు అంకే దిక్కు. కొలవడానికి ఛాతీ పట్టీ మేలు. మణికట్టు వాచీ చెమటకూ, గతుకులకూ తడబడి, ఒక్కోసారి గుండె వేగానికి బదులు తొక్కుడు వేగాన్నే చూపిస్తుంది.

ఇప్పుడు ఎండ సంగతి. వేడిలో తొక్కుతున్నప్పుడు ఒంటిని చల్లబరచడానికి రక్తంలో కొంత భాగం చర్మం వైపు మళ్లుతుంది. చెమట రూపంలో నీరు పోయి రక్తంలోని ద్రవభాగం తగ్గుతుంది. ఒక్కో కొట్టుకు గుండె నుంచి వెలువడే రక్తం తగ్గినందువల్ల, అదే పని జరగడానికి గుండె మరిన్ని సార్లు కొట్టుకోవలసి వస్తుంది. అందుకే వేగం మారకపోయినా గంట గడిచేసరికి గుండె వేగం మెల్లగా పైకి పాకుతుంది. మనకు వేసవి తెల్లవారుజాము చల్లగా ఉన్నట్టు అనిపించినా గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. కాబట్టి ఐదున్నరకే బయలుదేరాను కదా, ఎండ లెక్క నాకెందుకు అనుకోవడం సరికాదు.

మే నెలలో గుండె వేగం లెక్కన వచ్చే భారం ఉబ్బినట్టు కనిపించినా అది అబద్ధం కాదు, గుండె నిజంగానే అంత శ్రమించింది. అయితే ఆ అదనపు శ్రమ వల్ల తొడ కండరాలకు అదనపు సాధన జరిగినట్టు కాదు. అందుచేత వేసవిలో కోలుకునే వ్యవధిని లోపలి భారాన్ని బట్టీ, సాధన ముందుకు సాగిందా లేదా అన్నది బయటి భారాన్ని బట్టీ నిర్ణయించుకోవాలి. వేడికి అలవాటు పడటానికి శరీరానికి రోజూ కొంత చొప్పున సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఏసీ గదిలో నెల రోజులు గడిపి ఒక్కసారిగా బయటికి వచ్చేవారు ఆ రెండు వారాల అంకెలను పాత అంకెలతో పోల్చకూడదు.

పవర్ మీటరు ఉన్నవారికి

గంటసేపు నిలకడగా ఇవ్వగలిగిన శక్తిని వాట్లలో ఎఫ్‌టీపీ అంటారు. 20 నిమిషాలు శక్తినంతా సమంగా పంచి తొక్కి, వచ్చిన సగటును 0.95తో గుణిస్తే దాని అంచనా దొరుకుతుంది. సిగ్నళ్లున్న బందరు రోడ్డు ఇందుకు పనికిరాదు; ఆదివారం తెల్లవారుజామున కరకట్టో, ఇంట్లో ఫ్యాను ముందు పెట్టుకున్న ట్రైనరో (సైకిలును బిగించి ఉన్నచోటే తొక్కనిచ్చే పరికరం) నయం. ఒక ప్రయాణపు భారాన్ని ఒకే అంకెలో చెప్పేందుకు ఆండ్రూ కాగన్ రూపొందించిన టీఎస్ఎస్ అనే లెక్కలో, ఎఫ్‌టీపీ వద్ద గంట తొక్కితే 100. మీ ఎఫ్‌టీపీ 200 వాట్లై, రెండు గంటలు 150 వాట్ల సవరించిన సగటుతో తొక్కితే, తీవ్రత (150ని 200తో భాగిస్తే) 0.75, దాని వర్గం 0.5625, రెండు గంటలతోనూ, 100తోనూ గుణిస్తే 112.5. సవరించిన సగటు అని ఎందుకన్నానంటే, ఆగుతూ దూకుతూ తొక్కిన గంట సమంగా తొక్కిన గంట కంటే ఎక్కువ అలసట తెస్తుంది. ఆ తేడాను పట్టుకోవడానికి 30 సెకన్ల సగటులను నాలుగో ఘాతానికి పెంచి, వాటి సగటు తీసి, తిరిగి నాలుగో మూలానికి దించుతారు. మీటరు ఇదంతా తానే చేస్తుంది.

మన డెల్టా దారుల గురించి ఒక మాట. కొండ ప్రాంతంలో రెండు గంటల ప్రయాణంలో దిగుడున పెడల్ ఆపి ఊరికే జారిపోయే సమయం చాలానే ఉంటుంది. గుంటూరు నుంచి తాడికొండ మీదుగా అమరావతికో, బెజవాడ నుంచి బందరుకో వెళ్లే దారిలో అలాంటి సుఖం లేదు. తొక్కడం ఆపితే ఎదురుగాలికి సైకిలు నిలిచిపోతుంది. పల్లపు దారే కదా అని మూడు గంటలను తక్కువ అంచనా వేయకండి.

డిసెంబరులో తేల్చుకున్న ఎఫ్‌టీపీని మే నెలకు వాడటం వల్ల టీఎస్ఎస్ అసలు కంటే తక్కువగా వస్తుంది, ఎందుకంటే వేడిలో మనం గంటసేపు ఇవ్వగలిగిన శక్తే తగ్గుతుంది. వేసవి మొదట్లో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి పరీక్ష మళ్లీ చేసుకోవాలి.

పెద్ద చెరువు, చిన్న తొట్టి

రోజువారీ భారాలను పోగుచేసి చూసే పద్ధతికి మూలం, 1970లలో ఎరిక్ బానిస్టర్, ఆయన సహచరులు ప్రతిపాదించిన నమూనా. ప్రతి సాధనా మనలో రెంటిని మిగులుస్తుంది: నెమ్మదిగా చేరి నెమ్మదిగా తరిగే దారుఢ్యం ఒకటి, త్వరగా చేరి త్వరగా తరిగే అలసట రెండోది. దారుఢ్యాన్ని పెద్ద చెరువనీ, అలసటను చిన్న తొట్టి అనీ అనుకోండి. సైక్లింగ్ సాఫ్ట్‌వేర్లు వాడే లెక్కలో చెరువుకు 42 రోజులు, తొట్టికి 7 రోజులు. నిన్నటి అంకెకూ ఈ రోజు భారానికీ మధ్య తేడాను చెరువుకైతే 42తో, తొట్టికైతే 7తో భాగించి నిన్నటి అంకెకు కలపాలి. రెండూ 50 దగ్గర ఉన్న రోజున 112 టీఎస్ఎస్ తొక్కితే చెరువు 51.5కూ, తొట్టి 58.9కూ చేరతాయి. చెరువులోంచి తొట్టిని తీసివేస్తే మైనస్ 7.4, అంటే ఆ మేరకు అలసట పైచేయిగా ఉంది. రెండు మూడు రోజులు తేలికగా గడిపితే తొట్టి ముందు ఖాళీ అవుతుంది, తేడా ధనాత్మకమవుతుంది, పోటీకీ సుదీర్ఘ ప్రయాణానికీ అది అనువైన సమయం. టీఎస్ఎస్ లేనివారు ఇదే లెక్కను నోటు పుస్తకపు భారంతో చేసుకోవచ్చు. రెండు రకాల అంకెలను మాత్రం ఒకే వరుసలో కలపకూడదు.

చెరువు అంకె వారానికి 5 నుంచి 7 టీఎస్ఎస్‌కు మించి పెరగకుండా చూసుకోమని కోచ్‌లు సాధారణంగా చెబుతారు. వేసవిలో నేను దాన్ని 3 దగ్గరే ఆపుతాను. ఇది నా సొంత జాగ్రత్త; దీనికి శాస్త్రప్రమాణం చూపలేను. ఇంకొక విషయం, ఈ లెక్కలకు మీ ఇంటి సంగతులు తెలియవు. రాత్రి రెండు గంటలకు ముహూర్తమున్న పెళ్లికి వెళ్లి, తెల్లవారాక భోజనం చేసి, బస్సులో కునికిపాట్లు పడుతూ తిరిగొచ్చిన రోజును సాఫ్ట్‌వేరు పూర్తి విశ్రాంతి కింద రాసుకుంటుంది.

తేరుకున్నామా అన్నది తెలుసుకోవడం

ఉదయం మెలకువ వచ్చాక, మంచం దిగకముందే, ఫోను చూడకముందే నిమిషంపాటు నాడి లెక్కపెట్టండి. రెండు వారాలు ఇలా రాస్తే మీ సొంత సగటు తెలుస్తుంది. ఆ సగటు కంటే 5 లేదా అంతకు మించి వరుసగా రెండు రోజులు ఎక్కువ ఉంటే కారణం వెతకాలి: సరిపడని నిద్ర, నీరు తగ్గడం, మొదలవుతున్న జ్వరం, తీరని అలసట. దానితో పాటు నిద్ర, అలసట, మానసిక ఒత్తిడి, కండరాల నొప్పి అనే నాలుగింటికీ 1 నుంచి 7 వరకు అంకెలు వేసుకుంటే సరిపోతుంది. హూపర్ పేరుతో క్రీడా శిక్షకులు వాడే ప్రశ్నావళి ఇదే. అంకె పెరిగేకొద్దీ పరిస్థితి చెడుతున్నట్టు. ఖర్చు లేని ఈ నాలుగు ప్రశ్నలకు నేను యంత్రాల కంటే ఎక్కువ విలువ ఇస్తాను.

గుండె కొట్టుకు కొట్టుకు మధ్య వ్యవధిలో ఉండే స్వల్ప హెచ్చుతగ్గులను హెచ్ఆర్‌వీ అంటారు. విశ్రాంతిని నడిపే నాడీవ్యవస్థ బలంగా ఉన్నప్పుడు ఈ హెచ్చుతగ్గులు ఎక్కువగానూ, శరీరం ఒత్తిడిలో ఉన్నప్పుడు తక్కువగానూ ఉంటాయి. రోజూ ఒకే వేళలో, ఒకే భంగిమలో కొలిచి, ఏడు రోజుల సగటును మాత్రమే చూడాలి. ఒక్కరోజు అంకె చూసి కంగారుపడితే సాధన సాగదు. మరొకరి అంకెతో మీ అంకెను పోల్చడం పూర్తిగా వ్యర్థం. వాచీ చూపించే కోలుకున్న శాతం వెనుక ఏ లెక్క ఉందో తయారీదారులు పూర్తిగా చెప్పరు కాబట్టి, దాన్ని సలహాగా వినవచ్చు, తీర్పుగా తీసుకోకూడదు.

వేసవిలో తక్కెడ తప్పనిసరి. బయలుదేరే ముందు, వచ్చి ఒళ్లు తుడుచుకున్నాక తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. 70 కిలోలున్నవారు గంటన్నర తొక్కి 68.9 కిలోలకు దిగి, దారిలో 750 మిల్లీలీటర్లు తాగి ఉంటే, పోయిన చెమట 1.85 లీటర్లు, గంటకు సుమారు 1.2 లీటర్లు. బరువులో 2 శాతానికి మించి తగ్గకుండా చూసుకోవాలి. ఈ ఉదాహరణలో అది 1.4 కిలోలు. అలాగని బరువు పెరిగేంత నీళ్లు పట్టించడమూ ప్రమాదమే, రక్తంలో సోడియం పలచబడుతుంది. ఉప్పు వేసిన మజ్జిగ ఇంటికి వచ్చాక పనికొస్తుంది, దారిలో ఓఆర్ఎస్ నయం. మరుసటి ఉదయానికి కూడా బరువు తిరిగి రాకపోతే, ఆ రోజు తొక్కడం తేలికగానే ఉండాలి.

తగ్గిన గుండె వేగం చూసి మురిసిపోకండి

ఈ లెక్కలన్నింటిలో నన్ను బాగా మోసం చేసింది ఇదే. ఒక శీతాకాలం, 13 గంటల 30 నిమిషాల గడువున్న 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా ముగించవలసిన సుదీర్ఘ సైకిలు ప్రయాణం) కోసం మూడు వారాలు గట్టిగా తొక్కాను. చివరి వారంలో అదే వేగానికి గుండె వేగం 8 తగ్గింది. దారుఢ్యం పెరిగిందని సంబరపడి, తగ్గించవలసిన వారంలో మరింత పెంచాను. అదే వారం కష్టపు అంకె గడిలో 4 ఉండవలసిన చోట 6లు నిండి ఉన్నాయి. రాశాను గానీ చదవలేదు. ప్రయాణంలో 120వ కిలోమీటరు దగ్గర కాళ్లు పూర్తిగా మొరాయించాయి, ఆటో ట్రాలీలో సైకిలు వేసుకుని ఇంటికి చేరాను.

మితిమీరి అలసిన శరీరంలో గుండె వేగం పెరగడానికే మొరాయిస్తుంది. అందువల్ల ఒకే గుండె వేగం వద్ద శక్తి ఎక్కువగా కనిపించవచ్చు, ఆగిన తరువాత గుండె వేగం మామూలు కంటే త్వరగా పడిపోనూవచ్చు. దారుఢ్యం పెరిగినప్పుడూ పైకి కనిపించేవి ఇవే. రెంటినీ విడదీసి చెప్పగలిగేది కష్టపు అంకె ఒక్కటే: గుండె వేగం తగ్గి కష్టం కూడా తగ్గితే మేలు, గుండె వేగం తగ్గినా కష్టం పెరిగితే ఆపవలసిన సమయం.

దీన్ని పట్టుకోవడానికి దక్షిణాఫ్రికాలో రాబర్ట్ లాంబర్ట్స్ రూపొందించిన చిన్న పరీక్షను రెండు వారాలకోసారి ట్రైనర్ మీద చేయవచ్చు. గరిష్ఠ గుండె వేగంలో 60 శాతం వద్ద 6 నిమిషాలు, 80 శాతం వద్ద 6 నిమిషాలు, 90 శాతం వద్ద 3 నిమిషాలు తొక్కి, ఒక్కో దశలో శక్తినీ, కష్టపు అంకెనూ రాసుకుని, ఆపాక నిమిషంలో గుండె వేగం ఎంత తగ్గిందో చూడాలి. పవర్ మీటరు లేనివారు అదే ట్రైనర్, అదే గేరు, టైర్లలో అదే గాలితో వేగాన్ని రాసుకోవచ్చు. ఫ్యాను, గది, వేళ మారకూడదు.

ఆదివారం సాయంత్రం పది నిమిషాలు

రోజుకు ఒక వరుస చాలు: ఉదయపు నాడి, నాలుగు ప్రశ్నల మొత్తం, నిమిషాలు, కష్టపు అంకె, సగటు గుండె వేగం, ఉంటే వాట్లు, బయలుదేరిన వేళకు ఉష్ణోగ్రత. ఆదివారం సాయంత్రం ఆ ఏడు వరుసలనూ చదివి, బయటి భారం మారకుండా లోపలి భారం పెరిగిందా అని చూడండి. పెరిగి, ఆ రోజులు నిజంగా వేడివైతే వచ్చే వారం నిమిషాలను నాలుగో వంతు తగ్గిస్తే సరిపోతుంది. వేడి లేకుండానే పెరిగితే రెండు రోజులు సైకిలు ముట్టకుండా, నిద్ర చూసుకోవాలి. నాడి, నాలుగు ప్రశ్నలు, కష్టపు అంకె మూడూ కలిసి చెడితే వారం మొత్తం తేలిక తొక్కుడే. వారం దాటినా అవి కుదుటపడకపోతే, లేదా తొక్కుతున్నప్పుడు ఛాతీ పట్టేసినా, తల తిరిగినా, లెక్కలు పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

రోహిణి కార్తె వెళ్లి మృగశిర చల్లబడ్డాక, వేసవి సగటులన్నీ చెల్లని కాగితాలవుతాయి. అప్పుడు పుస్తకంలో కొత్త పేజీ తీసి, మళ్లీ రెండు వారాలు ఉదయపు నాడి రాసి, గరిష్ఠ గుండె వేగాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, ఎఫ్‌టీపీ మాత్రం కొత్తగా చూసుకోండి.